ఇల్లు చూడ్డానికి వస్తున్నారు!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం అనలేదు. ఆ రోజుల్లో ఇల్లు అమ్మడమంటే అప్పులపాలైనట్టే లెక్క. గుట్టుచప్పుడు కాకుండా జరిగిపోయేది. ఇప్పుడలా కాదు. పిల్లలు పెద్దవాళ్లవుతున్నారని రెండు పడగ్గదుల ఫ్లాటు అమ్మి మూడు పడగ్గదులది కొనేవాళ్లున్నారు. మోకాళ్ల నొప్పులతో లిఫ్టులేని మూడో అంతస్తు ఎక్కలేక అమ్మేవాళ్లున్నారు. బదిలీ మీద వేరే ఊరు వెళ్తూ అమ్మేవాళ్లూ ఉన్నారు. వీళ్లలో చాలామందికి ఒకటే చిక్కు... అమ్మకానికి పెట్టిన ఇంట్లోనే కాపురం ఉండాలి. ఇది అమ్ముడుపోతే గానీ కొత్తదానికి డబ్బు చాలదు. కొత్తది చేతికొస్తే గానీ ఇది ఖాళీ చేయలేరు.

అలాంటి ఇంటికి ఆదివారం పొద్దున్నే బ్రోకర్ ఫోను. 'మేడం, ఇంకో అరగంటలో పార్టీని తీసుకొస్తున్నా!'

పొయ్యి మీద కుక్కర్. బాల్కనీలో తడిబట్టలు. సోఫాలో ఇంకా నిద్రలేవని పుత్రరత్నం. డైనింగ్ టేబుల్ మీద కాలు పెట్టడానికి... కాదు కాదు, కంచం పెట్టడానికి చోటు లేదు. అరగంటలో ఏం చేయగలరు? ఏమీ చేయలేరు. అందుకే ఆ ఫోను రావడానికి నెల ముందే పని మొదలుపెట్టాలి.

సామాను వేరు... లోపం వేరు

అమ్మబోయే ఇంటిని చూపులకు సిద్ధం చేయడం అమెరికాలో ఓ వృత్తి. 'హోమ్ స్టేజింగ్' అంటారు. ఇంటిని నాటకం స్టేజీలా సర్దడమన్నమాట. 1970ల్లో సియాటెల్ ప్రాంతంలో బార్బ్ ష్వార్జ్ అనే మహిళ దీనికి నాంది పలికారని చెబుతారు. అక్కడ ఖాళీ ఇంట్లోకి అద్దె సోఫాలు, అద్దె పటాలు తెచ్చి మరీ అలంకరిస్తారు. మన దగ్గర దానికి దగ్గరి చుట్టం బిల్డర్లు చూపించే మోడల్ ఫ్లాట్. ఎంత ముద్దుగా ఉంటుందో! ఎందుకుండదూ... అక్కడ పోపు పెట్టేవాళ్లు లేరు, హోంవర్కు చేసేవాళ్లు లేరు, చెప్పులు విడిచేవాళ్లు లేరు.

నలుగురు మసలే ఇల్లు అలా ఉండదు, ఉండక్కర్లేదు కూడా. పెళ్లిచూపులకు పట్టుచీర కట్టుకుంటే ఎవరూ తప్పుపట్టరు. వయసు దాస్తేనే గొడవలొస్తాయి. ఇంటి విషయమూ అంతే. సామాను కంటికి కనపడకుండా సర్దేయొచ్చు. లోపాన్ని మాత్రం సర్దేయకూడదు. ఈ తేడా ఒక్కటి గుర్తుపెట్టుకుంటే ఏ పని చేయాలో, ఏది చేయకూడదో దానంతటదే తెలిసిపోతుంది.

ముందు అటక దించండి

ఎలాగూ ఇల్లు మారాల్సిందే. ప్యాకింగు ఎప్పటికైనా తప్పదు. ఆ పనిలో సగం ఇప్పుడే చేసేస్తే సరి. అటక మీది పాత సూట్‌కేసులు, పెళ్లిలో పెట్టిన ఇత్తడి బిందెలు, ఎప్పుడో పాడైన మిక్సీ, పిల్లల మూడుచక్రాల సైకిలు... ఏడాదిగా ముట్టుకోనివన్నీ మూడు కుప్పలు చేయాలి. తీసుకెళ్లేవి, ఇచ్చేసేవి, పాత సామాన్లవాడికి వేసేవి. తీసుకెళ్లేవాటిని అట్టపెట్టెల్లో సర్ది, పైన ఏముందో రాసి, వీలుంటే బంధువుల ఇంట్లో పెట్టాలి. వీలుకాకపోతే ఒక గదిలో ఒకే మూల, గోడవారన పేర్చాలి. అన్ని గదుల్లోనూ నాలుగేసి పెట్టెలుంటే అన్ని గదులూ ఇరుకుగానే కనిపిస్తాయి.

కొనేవాళ్లు ముందు చూసేది నేల. నేల ఎంత కనిపిస్తే గది అంత పెద్దదనిపిస్తుంది. అదనపు కుర్చీలు, టీపాయ్‌లు, ఇస్త్రీ బల్ల తీసేస్తే చదరపు అడుగులు పెరగవు కానీ, ఉన్నవి కనిపిస్తాయి. కిటికీకి అడ్డంగా బీరువా ఉంటే జరిపేయాలి. వంటగట్టు మీద పొయ్యి, ఒకట్రెండు డబ్బాలు తప్ప మిగతావి లోపలికి పోవాలి. ఫ్రిజ్ మీది మందుల చీటీలు, గోడకున్న నాలుగు క్యాలెండర్లు, తలుపు వెనక తగిలించిన బట్టలకూ సెలవివ్వాలి.

మరి గోడ మీది ఫొటోలు? అన్నీ తీసేయాలంటారు అమెరికా నిపుణులు. వచ్చినవాళ్లు ఆ ఇంట్లో తమను ఊహించుకోవాలట. దండ వేసి ఉన్న నాన్నగారి ఫొటో ఎవరో చూడ్డానికొస్తున్నారని తీసి మంచం కింద పెట్టగలమా! అక్కర్లేదు. దేవుడి గదీ అంతే. శుభ్రంగా ఉంటే అదే ఇంటికి కళ. పిల్లల కప్పులు, షీల్డులు, పుట్టినరోజు ఫొటోల్లాంటివి ముందుగా పెట్టెల్లో పెట్టుకుంటే సరిపోతుంది.

చెమ్మ మీద రంగు వేస్తే...

అమ్మే ఇంటికి లక్షలు పోసి హంగులు చేయించక్కర్లేదు. కొత్త కిచెన్ క్యాబినెట్లు కొనేవాళ్లకు నచ్చకపోతే పీకి పారేస్తారు. చిన్న రిపేర్లు మాత్రం వదలొద్దు. కారే కుళాయి, కిర్రుమనే తలుపు, పడని గడియ, వెలగని ట్యూబ్‌లైటు, పగిలిన స్విచ్చుబోర్డు... ఒక్కోటీ చిన్నదే. కానీ కారుతున్న కుళాయిని చూసినవాళ్లు కుళాయి దగ్గరే ఆగరు. 'కనిపించేదే ఇలా ఉంటే, కనిపించని పైపులు ఎలా ఉన్నాయో' అనుకుంటారు. ఆ అనుమానానికి వాళ్లు కట్టే ధర ప్లంబర్ కూలీ కన్నా ఎక్కువే ఉంటుంది. బోరునీళ్లకు బాత్రూం టైల్స్ మీద పేరుకున్న తెల్లటి ఉప్పు మరకల్ని వదిలించినా చాలు... పదేళ్ల బాత్రూం అయిదేళ్లు చిన్నదైపోతుంది.

రంగులు వేయించాలా? గోడలు మరీ మాసి ఉంటే వేయించాలి. లేతరంగులైతే వెలుతురు పెరుగుతుంది. అసలు పరీక్ష ఇక్కడే వస్తుంది. బాత్రూం వెనక గోడ ఉబ్బి, పెచ్చులూడుతోంది. లోపల ఎక్కడో నీళ్లు కారుతున్నాయి. 'పుట్టీ పెట్టి ఒక కోటింగ్ కొట్టేద్దాం సార్, ఆర్నెల్లు ఏమీ తెలీదు' అంటాడు పెయింటరు. ఈ మాట వినబుద్ధవుతుంది. వినకూడదు. చెమ్మ ఆరని గోడ మీద రంగు నిలవదు. మళ్లీ ఉబ్బుతుంది. అప్పటికి ఇల్లు వేరేవాళ్లది కావొచ్చు, మాట మాత్రం మనదే.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం... కొనేవారు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఏదైనా ఉండి, అది అమ్మేవారికి తెలిసి ఉంటే, చెప్పి తీరాలి. చెప్పకపోవడాన్ని ఆ చట్టం మోసంగానే పరిగణిస్తుంది. ఉబ్బిన గోడ కొన్నవాళ్ల కంటికి కనపడుతుంది. దాన్ని పుట్టీతో కప్పేస్తే? కనిపించే లోపాన్ని కనిపించకుండా చేసింది అమ్మేవాళ్లే అవుతారు!

దీనికి దారి రెండే. లీకేజీ ఎక్కడో పట్టుకుని బాగుచేయించి, గోడ ఆరనిచ్చి, అప్పుడు రంగు వేయించడం. బాగుచేయించినప్పటి బిల్లు దాచిపెట్టి చూపించడం. అంత డబ్బు ఇప్పుడు లేదంటారా... ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ మేరకు ధర తగ్గించుకోవడం. పై ఫ్లాటు బాత్రూం నుంచి కారుతుంటే అసోసియేషన్‌తో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. కొనేవాళ్ల ఎదుట పైవాళ్లతో గొడవపడటం ఎవరికీ బాగుండదు.

షాండ్లియర్ ఎవరిది?

అదే చట్టంలో 8వ సెక్షన్ ఉంది. ఇల్లు అమ్మినప్పుడు వేరే ఒప్పందం లేకపోతే తలుపులు, కిటికీలు, తాళాలు, తాళంచెవులు, శాశ్వతంగా వాడుకోవడానికి అమర్చినవన్నీ ఇంటితోపాటే వెళ్తాయి. మరి ఏసీ? గీజర్? అమ్మ ముచ్చటపడి కొన్న షాండ్లియర్? ఇక్కడే మాటలు పెరుగుతాయి. 'చూసినప్పుడు ఉందిగా' అంటారు వాళ్లు. 'అది మాది' అంటారు వీళ్లు. తీసుకెళ్లదలచుకున్నవి ఏవైనా ఉంటే మొదటి చూపుకు ముందే విప్పి పెట్టెలో పెట్టేయడం మంచిది. వాడకంలో ఉన్న ఏసీలాంటివైతే చీటీ మీద రాసుకుని మొదటిరోజే చెప్పాలి. తర్వాత అగ్రిమెంటులోనూ రాయించాలి.

ఇంట్లోవాళ్ల సంగతేంటి?

ఇల్లు సర్దడం తేలిక. ఆ సర్దినట్టు నెలల తరబడి బతకడం కష్టం. పిల్లాణ్ని బొమ్మలు తీయనివ్వరు. అత్తగారిని ఆవకాయ కలపనివ్వరు. ఇంటర్ పరీక్షలకు చదువుకునే అమ్మాయి గదిలోకి వారానికి మూడుసార్లు కొత్తవాళ్లు తొంగిచూస్తారు. 'మన ఇంట్లో మనమే అద్దెకున్నట్టుంది' అని ఏదో ఒక రాత్రి ఎవరో ఒకరు అనేస్తారు. నిజంగా పోయేది ఇదే. ధరలో ఓ లక్ష అటూ ఇటూ అయితే సర్దుకోవచ్చు... ఇంట్లో మనశ్శాంతి పోతే వచ్చిన మొదటి బేరానికే విసిగిపోయి తలూపేస్తారు.

అందుకే చూపులకు వేళలు పెట్టాలి. శని, ఆదివారాలు పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట దాకా, మిగతా రోజుల్లో ముందురోజు చెబితేనే అని బ్రోకర్‌కు మొదటే చెప్పేయొచ్చు. మొదట కాస్త గొణిగినా ఒప్పుకుంటాడు. పగటి వెలుతురులో చూపిస్తే ఇంటికీ మేలే. పరీక్షల నెలలో అమ్మాయి గది చివర్లో, ఒక్క నిమిషం. పెద్దావిడ గదిలోకి తలుపు తట్టి, ఆమె 'రండమ్మా' అన్నాకే. గోడలోని వార్డ్‌రోబ్‌లు తెరిచి చూస్తారు, చూడాలి కూడా... అవి ఇంటితో వచ్చేవి. బీరువా మాత్రం మనది. దానికి తాళం ఉండాలి. నగలు బ్యాంకు లాకర్లో ఉండాలి.

ఫోనొచ్చాక చేయాల్సిన పని పది నిమిషాలకు మించకూడదు. ఎవరి పని వాళ్లకు పంచేస్తే ఇంటావిడ ఒక్కర్తే పరుగులు పెట్టక్కర్లేదు. ఒకరు కర్టెన్లు, కిటికీలు తెరవాలి. ఒకరు బకెట్లు, చెప్పులు సర్దాలి. దండెం మీది బట్టలకు ఒక పెద్ద బుట్ట ఉంచుకుంటే అన్నీ అందులో పడేయొచ్చు. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే చాలు. చేపల పులుసు వాసన పోవాలని గదంతా స్ప్రే కొడితే, 'ఏం దాస్తున్నారో' అన్న అనుమానం కూడా దానితోపాటే వస్తుంది.

ఎందుకు అమ్ముతున్నారండీ?

కొనేవాళ్లు అడిగే అసలు ప్రశ్న ఇది. ఇంట్లోవాళ్లను అడిగేముందే కింద వాచ్‌మన్‌ను అడిగి వస్తారు! ఇంట్లో తలా ఒకటి చెబితే ఇక అంతే. నాన్న 'పెద్ద ఇల్లు కావాలి' అంటాడు. అయిదో తరగతి చదివే బుడుగు 'ఇక్కడ నీళ్లు రావని అమ్మే చెప్పింది కదా' అంటాడు. నిజమైన కారణం ఒక్కటి, అందరూ ఒకేలా చెప్పేది ఉండాలి. ఎండాకాలం ట్యాంకర్ తెప్పించుకోవాల్సి వస్తే, తెప్పించుకుంటామనే చెప్పాలి. రేపు వాళ్లకు తెలియకుండా ఉంటుందా?

కొందరు దిక్సూచి పట్టుకుని వస్తారు. 'వంటగది ఆగ్నేయంలో లేదే' అంటారు. వాదించొద్దు. ఒక్కో సిద్ధాంతిది ఒక్కో లెక్క. దిక్కులు గుర్తించిన ప్లాను జిరాక్సు ఒకటి చేతికిస్తే వాళ్ల సిద్ధాంతికే చూపించుకుంటారు. ఎవరో అన్నారని గోడలు పగలగొట్టి తలుపులు మార్చొద్దు. ఆషాఢం, పుష్యంలాంటి శూన్యమాసాల్లో బేరాలు రాలేదని దిగులు పడక్కర్లేదు. రిపేర్లకు అదే సరైన అదను.

కాగితాలూ ఇంట్లో భాగమే. సేల్‌డీడ్, లింకు డాక్యుమెంట్లు, ఇంటిపన్ను రసీదులు, ప్లాను, బ్యాంకు లోనుంటే దాని లెక్క... అన్నీ ఒక ఫైల్లో ఉంచుకోవాలి. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లకూ జిరాక్సులు ఇవ్వొద్దు. నిజంగా కొనే ఉద్దేశం ఉన్నవాళ్లకు, ప్రతి పేజీ మీదా 'పరిశీలన కోసం మాత్రమే' అని రాసి ఇవ్వాలి. ఇంటి ఫొటోలు బ్రోకర్‌కు పంపేముందు ఒకసారి చూసుకోవాలి. పిల్లల స్కూలు ఐడీకార్డు, గోడకు వేలాడే తాళాలగుత్తి, బీరువా అందులో పడితే తీసేసి మళ్లీ తీయాలి.

బేరం కుదిరి అడ్వాన్సు ముట్టాక 'ఇంకెవరు చూస్తార్లే' అని వదిలేయకూడదు. అగ్రిమెంటు రాసుకున్ననాటి నుంచి ఇల్లు అప్పగించేదాకా దాన్ని బాధ్యతగా చూసుకోవాల్సింది అమ్మినవారే. అదీ 55వ సెక్షన్ మాటే. ఆఖరున తాళాలిచ్చేటప్పుడు చిన్న కాగితం కూడా ఇవ్వండి. మంచినీళ్లు ఏ పూట వస్తాయి, మెయిన్ వాల్వ్ ఎక్కడుంది, ఏ కిటికీ వానకు బిగుసుకుంటుంది, పిలిస్తే పలికే ప్లంబర్ ఎవరు... ఆ ఇంట్లో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకే తెలిసే సంగతులివి. కొత్తవాళ్లకు ఏ అలంకరణా ఇంతకన్నా పనికిరాదు.