తుమ్ముల మాత్ర కంటే ముందు కాగితం సంచి

గంజాయి పెంపకాన్ని చట్టం అనుమతించిన దేశాల్లో ఇంట్లో మూడు నాలుగు మొక్కలు పెట్టుకునేవాళ్లలో ఎక్కువమందికి పుప్పొడి బెడద ఉండదు. మగ మొక్క అని తెలిసిన రోజే దాన్ని పీకి పారేస్తారు. వాళ్లకు కావలసింది గింజ పట్టని ఆడ పూలే. మగ మొక్కను పనిగట్టుకుని కాపాడి, దాని పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందా అని ఎదురుచూసేది కొత్త వంగడం కోసం సంకరణ చేసేవాళ్లు మాత్రమే. అలాంటి వాళ్లకే పుప్పొడి పడకపోతే?

డాక్టరు దగ్గర సాధారణంగా దొరికే సలహా ‘ఆ పని మానేయండి’. మందుల షాపులో దొరికేది సెటిరిజిన్. ఈ రెండింటి మధ్య పెద్ద ఖాళీ ఉందని నా అభిప్రాయం. పుప్పొడిని పువ్వు దగ్గర ఆపడం తేలిక. గదిలోకి వచ్చాక ఆపడం కష్టం. ముక్కులోకి వెళ్లాక మాత్ర చేయగలిగింది శరీరం చేసే గొడవను తగ్గించడమే, పుప్పొడిని తగ్గించడం కాదు. అయినా మన ఆలోచన ఎప్పుడూ చివరి నుంచే మొదలవుతుంది.

చట్టం సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచడం నేరం. పదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష పడవచ్చు. కుండీలో ఒక్క మొక్క అయినా సరే, ‘ఇంట్లో ప్రయోగం’ అన్న మినహాయింపు లేదు. కెనడాలో 2018 అక్టోబరు నుంచి చాలా ప్రావిన్సుల్లో ఇంటికి 4 మొక్కలు పెంచుకోవచ్చు. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి వయోజనులు తలా 3 మొక్కలు పెంచుకోవచ్చు. ఇక్కడ ఇంటి సంకరణ గురించి చెప్పేదంతా అలాంటి చోట్లకే వర్తిస్తుంది. పుప్పొడి మాత్రం ఏ దేశ చట్టాన్నీ చదవదు.

ఎందుకంటే గంజాయి గాలిని నమ్ముకున్న మొక్క. పురుగుల్ని పిలిచే రంగూ తేనె దాని పూలకు లేవు. గాలికి వదిలిన పుప్పొడిలో చాలా భాగం వృథా పోతుంది కాబట్టి లెక్కకు మించి తయారుచేస్తుంది. ఒక్క మగ పువ్వులోనే సుమారు 3,50,000 రేణువులుంటాయని అంచనా. మొక్కకు అలాంటి పూలు వందల్లో ఉంటాయి. అమెరికాలోని ఒమాహా నగరం చుట్టుపక్కల బీడుల్లో ఈ మొక్క దానంతటదే పెరుగుతుంది. ఆగస్టు రెండో సగంలో అక్కడి గాలిలోని మొత్తం పుప్పొడిలో 36 శాతం దాకా గంజాయిదేనని 2000లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. స్పెయిన్ దక్షిణ తీరంలోని మాలగాలో పెట్టిన పరికరాలకు మొరాకో పొలాల గంజాయి పుప్పొడి దొరికింది. మధ్యలో సముద్రం ఉంది!

మన దగ్గరా హిమాలయాల దిగువ నుంచి ఢిల్లీ శివార్ల దాకా రోడ్ల పక్కన, ఖాళీ స్థలాల్లో ఎవరూ నాటని భాంగ్ మొక్కలు కనిపిస్తాయి. చండీగఢ్ కోసం పీజీఐఎంఈఆర్, పంజాబ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తయారుచేసిన పుప్పొడి క్యాలెండర్‌లో గంజాయికీ చోటు దక్కింది. అంటే గంజాయిని జన్మలో తాకని మనిషి కూడా దాని వల్ల తుమ్మవచ్చు.

ఇప్పుడు కాస్త భౌతికశాస్త్రం. గంజాయి పుప్పొడి రేణువు వ్యాసం దాదాపు 25 మైక్రాన్లు. నగరాల కాలుష్యం గురించి మాట్లాడేటప్పుడు వినే 2.5 మైక్రాన్ల ధూళితో పోలిస్తే ఇది పది రెట్లు పెద్దది. స్టోక్స్ సూత్రంతో లెక్కకడితే, కదలని గాలిలో ఇది సెకనుకు సుమారు 2 సెంటీమీటర్ల వేగంతో కిందికి దిగుతుంది. భుజం ఎత్తు నుంచి నేలకు చేరడానికి నిమిషంన్నర లోపే. అంటే తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి, పని కాగానే బయటికి వచ్చి, ఒక అరగంట ఆగితే గదిలోని పుప్పొడిలో చాలా భాగం గాలిలో ఉండదు, నేల మీద ఉంటుంది. ఫ్యాన్ తిరుగుతుంటే ఈ లెక్క పనికిరాదు. ఆ తర్వాత చీపురు పట్టుకుంటే పడిందంతా మళ్లీ లేస్తుంది. తడిగుడ్డతోనే తుడవాలి.

అయితే పుప్పొడిని పువ్వు దగ్గరే ఆపడం ఎలా? సంకరణ చేసేవాళ్లకు ఇది ఎప్పటి నుంచో తెలిసిన విద్యే. రాజేంద్రనగర్‌లోని భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థలో మెరుగుపరిచే పంటల్లో ఆముదం ఒకటి. ఆముదం గెలలో కింద మగ పూలు, పైన ఆడ పూలు ఉంటాయి. దానిదీ గాలిలో తేలే పుప్పొడే, మన దేశంలో ఎలర్జీ కారకాల జాబితాల్లో ఎప్పుడూ ఉండేదే. వేరే మొక్క పుప్పొడి తగలకూడదనుకుంటే గెలకు కాగితం సంచి తొడుగుతారు. వంశం కల్తీ కాకుండా కాపాడే సంచే లోపలి పుప్పొడి బయటికి రాకుండానూ చూస్తుంది. ముక్కును కాపాడుకోవడానికి వేరే పరికరం కనిపెట్టనక్కర్లేదు.

ఇంట్లో పెంచేవాళ్లకు ఇది ఇంకా తేలిక. ఒక సంకరణకు మగ మొక్క మొత్తం అవసరం లేదు, ఒక్క కొమ్మ చాలు. మొగ్గలు విచ్చకముందే మిగతా కొమ్మలు కత్తిరించి, ఉంచిన కొమ్మకు కాగితం సంచి తొడిగి మూతి కట్టేయాలి. ప్లాస్టిక్ సంచి వద్దు. లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది, బూజు ఇంకో ఎలర్జీ. పూలు విచ్చాక సంచి విప్పకుండా కొమ్మతో సహా కోయాలి.

ఈ రంగంలో తరచూ వినిపించే రెండు చిట్కాలు మొక్కకు మంచివే. ఎలర్జీ ఉన్న మనిషికి మాత్రం అంత మంచివి కావు. మొదటిది నీళ్లు చిలకరించడం. తడిసిన పుప్పొడి ఫలదీకరణకు పనికిరాదు కాబట్టి, అక్కర్లేని పుప్పొడిని చంపడానికి గదంతా నీటి తుంపరలు కొడతారు. కానీ చచ్చిన పుప్పొడిలోనూ ఎలర్జీ కలిగించే ప్రొటీన్లు అలాగే ఉంటాయి. పైగా రై గడ్డి పుప్పొడి నీటిలో పగిలితే ఒక్కో రేణువు నుంచి దాదాపు 700 సూక్ష్మ పిండిరేణువులు బయటపడతాయని 1990ల్లోనే తేలింది. ముక్కులో ఆగిపోవాల్సిన పెద్ద రేణువు అలా ఊపిరితిత్తుల లోతుకు చేరేంత చిన్న ముక్కలవుతుంది. 2016 నవంబరు 21న మెల్‌బోర్న్‌లో ఉరుములతో వచ్చిన గాలివాన తర్వాత వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు పరుగెత్తారు, పదిమంది చనిపోయారు. ఆ ఘటన వెనక ఉన్నది ఈ గడ్డి పుప్పొడే. గంజాయి పుప్పొడి విషయంలోనూ అదే జాగ్రత్త పాటించడం మంచిది. తడిగుడ్డతో తుడిచి తీసేయడం వేరు, గాలిలో తుంపర కొట్టడం వేరు.

రెండోది, పుప్పొడి ఎక్కువ పూలకు సరిపడేలా అందులో గోధుమపిండి కలపడం. రొట్టెల బట్టీల్లో పనిచేసేవాళ్లకు పిండి దుమ్ము వల్ల వచ్చే ఉబ్బసం వైద్యంలో ఎంత పాతదంటే, దానికి ‘బేకర్స్ ఆస్తమా’ అని పేరే ఉంది. ఇప్పటికే ఒక ఎలర్జీ ఉన్నవాళ్లు రెండోదాన్ని కలిపి ఊదుకోవడమెందుకు? చిన్న కుంచెతో అద్దితే సరిపోతుంది.

మాస్కు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఎన్95 వడపోతను పరీక్షించేది 0.3 మైక్రాన్ల రేణువులతో. దానికి పుప్పొడి కొండంత. లోపం ఉంటే వడపోతలో కాదు, ముక్కు పక్క సందులో ఉంటుంది. గడ్డం ఉన్నవాళ్లకు ఆ సందు ఇంకాస్త పెద్దది. కళ్లకు అంచులు మూసుకునే అద్దాలు, చేతులకు తొడుగులు ఉండాలి, ఎందుకంటే ఈ మొక్క ఆకు తగిలినా కొందరికి దద్దుర్లు వస్తాయి. పని చేసిన బట్టలతో మంచం ఎక్కకూడదు. తలస్నానం చేయకుండా పడుకుంటే రాత్రంతా దిండు మీది పుప్పొడినే పీలుస్తారు.

ఇన్ని చేశాకే మందుల వంతు. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రేకు పూర్తి ప్రభావం చూపడానికి రోజులు పడుతుంది. కాబట్టి పూలు విచ్చే వారానికి ముందే డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. తుమ్ములు మొదలయ్యాక పరుగెత్తితే లాభం తక్కువ. గంజాయి ఎలర్జీకి ప్రమాణీకరించిన పరీక్షా ద్రావణం మార్కెట్లో లేదు కాబట్టి, ఏ మొక్కతో పని చేస్తున్నారో దాచకుండా చెబితేనే డాక్టరు సరిగా ఆలోచించగలరు. పీచ్, ఆపిల్, టమాటా, గింజపప్పులు తిన్నప్పుడు నోరు దురదపెట్టినా, దద్దుర్లు వచ్చినా అదీ చెప్పాలి. గంజాయిలోని ఒక ముఖ్యమైన ఎలర్జీ ప్రొటీన్‌కు దగ్గరి చుట్టాలు ఆ పండ్లలోనూ గింజల్లోనూ ఉన్నాయి. అలాంటి వాళ్లలో కొందరికి ప్రతిచర్య ముక్కుతో ఆగకపోవచ్చు.

నేను ఇంతవరకు చెప్పిందంతా ముక్కు, కళ్ల దగ్గర ఆగే ఎలర్జీకే. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తే లెక్క మారుతుంది. 2022 జనవరిలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో గంజాయిని పొడిచేసే ఒక కర్మాగారంలో పనిచేసే 27 ఏళ్ల యువతి ఆస్తమాతో చనిపోయింది. అక్కడి కారణం పుప్పొడి కాదు, మొక్క పొడి దుమ్ము. కానీ పని చోట దగ్గు, ఆయాసం నెలల ముందు నుంచే కనిపించాయన్నది గుర్తుంచుకోవాలి. పని వల్ల వచ్చే ఉబ్బసంలో ఆ దుమ్ముకు ఎంత తొందరగా దూరమైతే కోలుకునే అవకాశం అంత ఎక్కువ. అలాంటప్పుడు ‘మానేయండి’ అన్న డాక్టరు మాటే సరైనది. సంచులూ మాస్కులూ దానికి బదులు కావు.

అయినా మానేయాల్సింది మొక్కల పెంపకం మొత్తాన్ని కాకపోవచ్చు. నెలల తరబడి సాగే సంకరణలో పుప్పొడితో పని ఉండేది కొద్ది రోజులే. తల్లిదండ్రుల ఎంపిక, గింజల లెక్క, ఏ మొలకలో ఏ గుణం వచ్చిందన్న నమోదు, ఇవన్నీ పుప్పొడి జోలికి వెళ్లకుండా చేయగల పనులే. ఏ మొక్కను దేనితో కలపాలో మీరు నిర్ణయించండి. సంచి విప్పే రోజున కుంచెను ఎలర్జీ లేని స్నేహితుడి చేతికివ్వండి. గది తుడవడం కూడా ఆయనకే వదిలేయండి.