మొక్క చస్తే పదవి పోతదట, మరి కుంట చస్తే?



చొప్పదండి చుట్టుపక్కల వానాకాలం నాట్లు నడుస్తున్నయ్. మడిలకు నీళ్లతోపాటు ఇంకా ఏమేం వస్తున్నయో నాటేసే అక్కలను అడుగుండ్రి. పాలిథిన్ కవర్లు, సీసా పెంకులు, చిన్నపిల్లలకు కట్టి పారేసిన డైపర్లు. పెంకు కాలికి గుచ్చుకున్న కైకిలామెకు ఆ పూట కూలి పోతది, సూదికి, కట్టుకు చేతిపైసలు పోతయ్. ఈ చెత్త మన పొలంల పుట్టలే. కుంట శిఖంల ట్రాక్టరుతోని తెచ్చి కుమ్మరించినదే పెద్దవాన పడంగనే కుంటలకు దిగి, తూములకెల్లి మన మడికి వస్తున్నది. ఏ కుంటనో పేరు రాస్తలేం. ఇది ఒక్క కుంట కథ కాదు.

దీని సంగతేందని మనం అడగపోతే ఏమైంది? ట్రాక్టరు నడిపే తమ్ముడు 'నాకేం తెల్వది, సార్లను అడుగుండ్రి' అన్నడు. ఆఫీసుల ఉన్నాయన 'స్పెషలాఫీసర్ సారుకు చెప్పుండ్రి' అన్నడు. ఆ సారుకు ఇంకా నాలుగు ఊర్ల బాధ్యత ఉండె, మనకు దొరకలే. పాత సర్పంచి కాడికి పోతే 'నాకు పదవి లేదు, చేసిన పనులకు బిల్లులే రాలే, నేనేం చేస్త అన్నా' అన్నడు. అందరూ నిజమే చెప్పిండ్రు. అడగాల్సిన నోరే ఊర్ల లేకుండ పోయింది.

ఎట్ల పోయిందో వరుసగ చూడుండ్రి. 2024 ఫిబ్రవరి 1తోని గ్రామపంచాయతీల పాలకవర్గాల గడువు అయిపోయింది. ఆ ఏడు జూలైల ఎంపీటీసీలు, జడ్పీటీసీలు దిగిపోయిండ్రు. 2025 జనవరిల మున్సిపల్ కౌన్సిళ్లు కూడ పోయినయ్. అంతట ప్రత్యేకాధికారుల పాలననే నడిచింది. గడువు తీరకముందే ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగం 243ఇ అధికరణం పంచాయతీలకు, 243యు మున్సిపాలిటీలకు చెప్తున్నది. సర్కారు చెవిన పెట్టలే. సెప్టెంబర్ 30 లోపు పంచాయతీ ఎన్నికలు పూర్తి చెయ్యాలని 2025 జూన్ 25న హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఎన్నికైన పాలకవర్గాలు లేవని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు కూడ ఆగినయ్. ఇగ ట్రాక్టరుకు డీజిల్ ఎవరు పోస్తరు? దూరంల ఉన్న డంపింగ్ యార్డు దాక ఎవరు కొట్టుకపోతరు? దగ్గరున్న కుంటనే దిక్కయితది.

'పాలకవర్గాలు ఉన్ననాడు మాత్రం ఏం అడిగిండ్రు?' అని కొందరు ఎదురు ప్రశ్న వేస్తరు. న్యాయమైన ప్రశ్ననే, దాసుకోవద్దు. సమావేశానికి పోయినం, చాయ తాగినం, ఎజెండా చదివినట్టు చేసి ఏకగ్రీవంగ ఆమోదించినం అన్నట్టే చానా చోట్ల నడిచింది. ఒక్కరో ఇద్దరో లేసి చెత్త గురించి, మోరీ నీళ్ల గురించి అడిగితే 'తర్వాత చూద్దాం, కూసో' అని కూసోబెట్టిండ్రు. అయితే వాళ్లు ఎందుకు భయపడ్డరో కూడ మనం అర్థం చేసుకోవాలె.

2018ల వచ్చిన పంచాయతీరాజ్ చట్టం సర్పంచిని సస్పెండ్ చేసే అధికారం కలెక్టరు చేతుల పెట్టింది. నాటిన మొక్కలల్ల నూటికి 85 బతకాలె, లేకుంటే పదవికే ఎసరు అన్నది. 2019 మున్సిపల్ చట్టం గదే కత్తిని కౌన్సిలర్ల మెడ మీద పెట్టింది. మొక్కలు బతకాలె, మేం కాదంటలేం. కానీ మొక్క చస్తే వార్డు మెంబరు పదవి పోతదంటున్న చట్టంల, కుంట చస్తే ఎవరి పదవి పోతదో ఒక్క ముక్క రాసి ఉన్నదా? కింద ఉన్నోడు పైవానికి జవాబు చెప్పాలె, పైవాడు కిందోనికి చెప్పే పని లేదు. మీది నుంచి బిల్లులు ఆపిండ్రు. అప్పుతెచ్చి పని చేసినోడు, బిల్లు రావాల్సినోడు, మంత్రి ముందట లేసి గట్టిగ అడుగుతడా? గులాబీ సర్కారుల గదే, ఇప్పటి సర్కారుల గదే.

చొప్పదండిది ఇంకో బాధ. 2018ల మున్సిపాలిటీ అయింది. పట్నమైతే ఏదో ఒరుగుతదన్నరు. ఉపాధి హామీ గ్రామాలకే కాబట్టి మున్సిపాలిటీల కలిసిన కూలోళ్ల జాబ్ కార్డులు పనికిరాకుండ పోయినయ్. పన్నులు పట్నం లెక్క, పనులు పల్లె లెక్క. బడ్జెట్ల పదో వంతు పచ్చదనానికి పెట్టాలని చట్టం చెప్పింది. ఆ పైసలు ఎక్కడ పెట్టిండ్రో, అందుల కుంటలకు ఒక్క రూపాయన్న వచ్చిందో వార్డు ప్రజలకు తెలవాలె. ఎమ్మెల్యే, ఎంపీ కూడ హోదా రీత్యా కౌన్సిల్ల సభ్యులే. అంటే వాళ్లను ఎదురుంగ కూసోబెట్టి అడిగే జాగ ఊర్లనే ఉన్నది. అసొంటి జాగకు తాళం వేసి పెడితే వాళ్లకు నష్టమైందా, మనకు నష్టమైందా?

చెత్తనే కాదు. గంగాధర, కరీంనగర్ దిక్కు గుట్టలను చూడుండ్రి. మన గ్రానైటు దేశాలు దాటి పోతున్నది. పేలుళ్లకు ఇండ్లు బీటలు వారుడు, దుమ్ము పంట మీద పడుడు మన వంతు. ఖనిజం తీసిన జాగల కోసమని 2015ల జిల్లా ఖనిజ నిధి పెట్టిండ్రు. అందుల పెద్ద వాటా తాగునీరు, కాలుష్య నివారణ, ఆరోగ్యం, చదువు వంటి వాటికే పెట్టాలె. క్వారీ పక్కూరికి ఎంత వచ్చిందని నిండు సభల అడగాల్సింది జడ్పీటీసీ. 2024 జూలైల ఆ కుర్చీ ఖాళీ అయింది.

'ఆఫీసర్ల పాలననే నయం, రాజకీయం ఉండదు' అనేటోళ్లకు ఒక్క మాట. ఆఫీసరు మంచోడు కావచ్చు. కానీ బదిలీ అయితే పోతడు, మళ్ల ఓటడగ రాడు. సర్పంచి మన వాకిట్ల నుంచే పోవాలె, మన చావుకు, పెండ్లికి రావాలె. నిలదీసే వీలు అక్కడున్నది.

మన తప్పు కూడ ఒప్పుకుందాం. పురుగుమందు డబ్బాలు కాలువల పారేస్తున్నది మనమే. కొయ్యకాళ్లు కాలబెడుతున్నది మనమే. ఓటుకు ఇంతని తీసుకొని, ఆనాక ఐదేండ్లు అడిగే ముఖం లేకుండ చేసుకున్నది మనమే. ఇవి మానకుండ ఎదుటోన్ని అడిగితే మాటకు బలముండది.

అందుకే సంఘం తరఫున అడుగుతున్నం:

1. పంచాయతీ ఎన్నికలు ఎప్పుడైనా గడువు తీరకముందే పెట్టాలె. మండల, జిల్లా పరిషత్తులకు, మున్సిపాలిటీలకు కూడ ఆలస్యం చెయ్యొద్దు.

2. చెత్త పూడ్చే జాగ చెరువుకు కనీసం 200 మీటర్లు, నదికి 100 మీటర్లు దూరం ఉండాలని 2016 చెత్త నిర్వహణ నిబంధనలు చెప్పినయ్. దాన్ని మనూర్లల్ల అమలు చెయ్యాలె. కుంట శిఖంల పోసింది ఎత్తాలె.

3. ఖనిజ నిధి, పచ్చదనం పైసల లెక్క పంచాయతీ, మున్సిపల్ ఆఫీసు గోడ మీద రాయాలె.

4. మున్సిపాలిటీల కలిసిన కూలోళ్లకు ఉపాధి హామీ వంటి పని చూపాలె.

చేతులు కట్టుకొని కూసోవద్దు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుండ్రి. గ్రామ స్థాయిల ఫీజు లేదు, మండలంల ఐదు రూపాయలు, జిల్లాల పది. ముప్పై రోజులల్ల జవాబియ్యాలె. సోమవారం ప్రజావాణికి ఒక్కరు కాదు, ఆయకట్టు మొత్తం కలిసి పోదాం. చెత్త ఫోటో తీసి, తారీకు రాసి, కాగితానికి అంటించి ఇద్దాం.

రేపు ఓటడగ వచ్చేటోన్ని రోడ్డు పోస్తవా, లైటు పెడుతవా అని ఒక్కటే అడగొద్దు. 'గెలిచినాక మా కుంట సంగతి సభల లేసి అడుగుతవా? పైవాడు కోపం చేస్తే కూసుంటవా, నిలబడతవా?' అని అడుగుదాం. నిలబడతనన్నోనికే ఓటు. గెలిచినాక నిలబడకుంటే, వాని ఇంటి ముందట మనం నిలబడుదాం.