కొండబాట: ఖుబానీ తాండ్ర

గత సంచికలో గుడారాల బరువును గురించి ముచ్చటించుకున్నాము. ఈ మాసం వీపుసంచిలో సాధారణంగా ఎవరూ లెక్కలోనికి తీసుకొనని మిఠాయిని తూకం వేయదలచినాము.

2016 ఆగస్టులో మా బృందం లదాఖ్‌లోని మర్ఖా లోయకు వెళ్ళినప్పుడు రెండు పొరపాట్లు చేసినాము. కిలో రసగుల్లాల డబ్బా మోసుకొనిపోవడం మొదటిది. అందులో పాకమే అధికం. తిన్న పిదప ఖాళీ డబ్బాను సైతం మోసుకొని దిగవలసి వచ్చింది. రెండవది అంతకంటె పెద్దది. లేహ్ అంగడిలో కొన్న ఎండు ఖుబానీలను నీమాలింగ్ విడిదిలో ఉడికించి, హైదరాబాదు విందులలో వడ్డించే ఖుబానీ కా మీఠా చేయబూనినాము. (దీనిని ‘కుర్బానీ కా మీఠా’ అనేవారు మన క్యాంటీనులో నేటికీ ఉన్నారు. పాపం, ఆ పండుకు త్యాగంతో ఏ సంబంధమూ లేదు.)

నీమాలింగ్ సుమారు 4,700 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ నీరు 85 డిగ్రీల దరిదాపులలోనే మరుగుతుంది. మూత తీసిన గిన్నెలో ఎంత మంట పెంచినా అంతకు మించి వేడెక్కదు. గంటన్నర ఉడికించినా పండ్లు తోలువలెనే ఉన్నవి. కిరసనాయిలు మాత్రం అడుగంటింది. మధ్యాహ్నం నుండి ముద్ద ముట్టని ఒక యువ సహచరుడు తీపి అయితే తింటానని ఎదురుచూచి, చివరకు ఖాళీ కడుపుతో పడుకొన్నాడు. మరునాడు 5,200 మీటర్లు పైబడిన కాంగ్మారు లా కనుమను దాటవలసి ఉండగా, వేకువన ఎవరికీ తేనీరు లేదు.

విచిత్రమేమనగా, మూత పెట్టి గుడారంలో ఉంచిన గిన్నెలోని ఖుబానీలు తెల్లవారేసరికి వాటంతటవే మెత్తబడినవి! ఆ చల్లని పండ్లనే నాలుగు తిని అతడు బయలుదేరినాడు. కనుమ వరకు అతని సంచిని వంతులవారీగా మేమే మోసినాము.

ఎండు ఖుబానీకి కావలసినది మంట కాదు, నాననిచ్చే వ్యవధి అని అప్పుడు బోధపడినది. కాబట్టి నానబెట్టడం, ఉడికించడం రెండూ ఇంటివద్దనే ముగించి, నీటిని తిరిగి ఎండకు అప్పగించడం మేలు. గోదావరి జిల్లాలవారు మామిడి రసాన్ని చాపపై పొరమీద పొరగా ఎండబెట్టి తాండ్ర చేయడం మనకు తెలిసినదే. మేము అదే మార్గాన్ని ఖుబానీకి అన్వయించినాము.

ఆరుగురికి పావుకిలో ఎండు ఖుబానీలు చాలును. గోధుమరంగువి ఎంచుకొనండి; నిగనిగలాడే నారింజరంగు పండ్లకు సాధారణంగా గంధకపు పొగ పట్టించి ఉంటారు. రాత్రంతా నానవేసి, గింజలు తీసి, నానిన నీటిలోనే మెత్తగా ఉడికించి, 100 గ్రాముల పంచదార చేర్చి గరిటెజారుగా దగ్గరపడనివ్వాలి. నేయి రాసిన పళ్ళెంలో పలుచగా పరచి, పైన పలుచని గుడ్డ కప్పి, రెండు మూడు మంచి ఎండలు చూపాలి. వేలికి అంటకుండా పొరగా ఊడివస్తే సిద్ధమైనట్లే. సముద్రతీరంలో ఉండేవారు వర్షాకాలంలో ఈ ప్రయత్నం చేయవద్దు. మా మొదటి పళ్ళెం బూజుపాలైనది.

గింజలు పగులగొడితే లోపల బాదంవంటి పప్పు ఉంటుంది. తియ్యనిదైతే వేసుకొనవచ్చును. చేదుగా ఉన్నదానిని తప్పక పారవేయాలి; అందులోని పదార్థం కడుపులో సయనైడును విడుదల చేస్తుంది.

తాండ్రను ముక్కలు చేసి వెన్నకాగితంలో చుట్టి, 100 గ్రాముల పాలపొడిని విడిగా కట్టుకొంటే అంతా కలిపి సుమారు 400 గ్రాములు. విడిదిలో తేనీటికి కాచిన నీటినుండి మూడు గ్లాసులు తీసి, ముక్కలు వేసి, మూతపెట్టి, గిన్నెను ఉన్ని టోపీలో కూర్చోబెట్టండి. ఇరవై నిమిషాలలో స్టౌతో పనిలేకుండానే మెత్తబడుతుంది. పాలపొడిని ముందుగా చల్లార్చిన నీటిలో కలిపి చేర్చితే ఉండలు కట్టదు.

ఒక హెచ్చరిక. ఎత్తులో ఆకలి మందగించడం సహజమే. దానితోపాటు తలనొప్పి, వాంతులు ఉన్నవారికి మిఠాయి మందు కాదు. వారిని పైకి నడిపించరాదు. ఉపశమించకుంటే వెంటనే క్రిందికి దింపవలెను.

మా తాండ్ర పొట్లం ఇప్పుడు ఆ యువ సహచరుని సంచిలోనే ప్రయాణిస్తున్నది. మరొకరికి అప్పగించడానికి అతడు అంగీకరించడం లేదు.