ఆసు యంత్రం

ముంబయిలో గ్రాంట్‌ రోడ్డు స్టేషను దిగి తూర్పుగా నడిస్తే కామాఠిపురా వస్తుంది. తెలుగు నేల నుండి కూలి పనులకు వచ్చిన కామాఠీల వల్లనే ఆ పేటకు ఆ పేరు కలిగింది. పద్మశాలీలు కూడా అదే బాటలో ముంబయి చేరారు. ఊళ్లో మగ్గం గుంటలో కూర్చొని నేసినవారు ఇక్కడి మిల్లుల్లో సాంచాల ముందు నిలబడి నేశారు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు 2.5 లక్షల మంది మిల్లు కార్మికులు పాల్గొన్నారు. ఆ తరువాత ఎన్నో మిల్లులు మూతపడ్డాయి. అన్నం పెట్టిన యంత్రం ఆగిపోతే బతుకు ఏమవుతుందో తెలుగు చాళ్లలోని పెద్దలకు తెలుసు. అందుచేత చేతిపనిలోకి యంత్రం వస్తున్నదనగానే వారు అనుమానంగా చూస్తే తప్పు పట్టరాదు. అయినా యంత్రాలన్నింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. అది ఏ పనిని తీసుకుంటున్నది, ఎవరి చేతిలో ఉంటున్నది అని విచారించాలి.

పోచంపల్లి చీరనే చూడండి. ఇందులో బొమ్మ మగ్గం మీద పుట్టదు, నేయకముందే దారంలో పుడుతుంది. దారాన్ని లెక్క ప్రకారం చుట్టి, రంగు అంటకూడని చోట సైకిలు ట్యూబు పీలికలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. ఇదే చిటికి కట్టడం. అంతకుముందు పేక దారాన్ని ఆసు పోయాలి. ఒక కొసన ఒక మేకు, దాని ఎదుట అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు ఉంటాయి. ఆ మేకు నుండి ఈ మేకులకు, మళ్లీ వెనక్కు దారాన్ని చేతితో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడుతుంది. లెక్క తప్పితే బొమ్మ చెదిరిపోతుంది. నాలుగైదు గంటల ఈ చాకిరీ ఇంటి ఆడవారిది. మగ్గం మీద కూర్చొన్నవాడు నేతగాడనిపించుకొన్నాడు. ఆసు పోసిన ఆమెకు భుజం నొప్పి మిగిలింది.

నల్లగొండ జిల్లా (నేటి యాదాద్రి భువనగిరి జిల్లా) శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆ నొప్పి అనుభవించినవారే. మల్లేశం ఆరో తరగతితో బడి మానారు. తల్లి అవస్థ చూడలేక 1992లో ఆసు పోసే యంత్రానికి పూనుకొన్నారు. డబ్బు చాలక, భాగాలు కుదరక ఏడేళ్లు గడిచాయి. చివరకు 1999లో యంత్రం తయారైంది. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. తరువాత దానికి ఎలక్ట్రానిక్‌ నియంత్రణ కూడా చేరింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఈ యంత్రం చిటికి కట్టే చేతి జోలికి గాని, మగ్గం జోలికి గాని పోలేదు. నేర్పు ఉన్న పని మనిషికే మిగిలింది, ఒళ్లు హూనం చేసే పనిని మాత్రం అది తీసుకొన్నది. యంత్రమంటే ఇలా ఉండాలి.

ఇక అది ఎవరి చేతిలో ఉండాలన్న మాట. గోదావరి తీరాన నరసాపురం ప్రాంతంలో స్త్రీలు కొక్కెపు సూదితో దారాన్ని లేసుగా అల్లుతారు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని ఇది. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అయ్యేది. మరియా మీస్‌ అనే జర్మన్‌ పండితురాలు వారిని గురించి 1982లో ఒక పుస్తకం ప్రకటించారు. ప్రపంచ విపణికి సరుకు అందించే ఈ స్త్రీలను శ్రామికులుగా కాక తీరిక వేళ సూది పట్టే గృహిణులుగా ఎంచారనీ, అందుకే కూలి అంత తక్కువగా ఉందనీ ఆమె తేల్చారు. లేసు అల్లినా, ఆసు పోసినా ఆడవారి పనిని పనిగా లెక్కించలేదన్నమాట! 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు సరుకుకు దక్కింది సరే, అల్లినవారి కూలికి కూడా దక్కాలి కదా!

ఇప్పుడు కంప్యూటరుతో నడిచే అల్లిక యంత్రాలు వచ్చాయి. వాటిలో వరుసగా వందలాది సూదులుంటాయి. ఏ వరుసలో ఏ సూది కదలాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. దీనికి నేత ఇళ్ల ఆడపిల్లలు జంకనక్కరలేదు. గళ్ల కాగితం మీద చిటికి లెక్క వేయగలిగిన పిల్లకు తెర మీది గళ్లు కొత్తవి కావు. పైగా కంప్యూటరుకు నేతతో చుట్టరికం ఉంది. 1804లో ఫ్రాన్సులో జకార్డ్‌ చిల్లుల అట్టలతో పోగులను లేపే మగ్గం చేశాడు. ఆ అట్టలే తరువాత చార్లెస్‌ బాబేజ్‌ గణన యంత్రపు ఆలోచనకు ఆధారమయ్యాయి. కాబట్టి నమూనా గీసే కంప్యూటరు ముందు ఆసు పోసిన తల్లుల కూతుళ్లు కూర్చోవాలి. సంఘాలు యంత్రం కొంటే దాన్ని ఆడవారి పేరు మీద కూడా కొనాలి. అలా కాకుండా యంత్రం మరొకరి సొత్తయితే, భుజం నొప్పితో పాటు ఆ కాస్త సంపాదన కూడా ఆమెకు పోతుంది.

పోచంపల్లి బొమ్మను మిల్లు గుడ్డ మీద అచ్చు వేసి చవకగా అమ్మేవారూ ఉన్నారు. అదీ యంత్రమే. అయితే అది దారంలో పుట్టిన బొమ్మ కాదు. అచ్చు చీరను తిరగేస్తే వెనుక రంగు వెలవెలబోతుంది. చిటికి చీరకు రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది, అంచులు మాత్రం కొద్దిగా అలుక్కుపోయినట్లు కనిపిస్తాయి. బేరం ఆడేముందు కొంగు తిరగేసి చూసే అలవాటు చాళ్లలోని అవ్వలకు ఇందుకే ఉంది.