అద్దాలు వచ్చాయి, కంటి వెనుక ఎవరు చూస్తారు?

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన తెలంగాణ సర్కారు కంటి పరీక్ష శిబిరాల కార్యక్రమం ‘కంటి వెలుగు’, 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడత అందుకుంది. దగ్గరి చూపు ఆనని వాళ్లకు అక్కడికక్కడే అద్దాలు దొరికాయి. బియ్యంలో రాళ్లేరలేక, సూదిలో దారం ఎక్కించలేక ఇబ్బందిపడ్డ పెద్దవాళ్లకు అది చిన్న మేలు కాదు. కాకపోతే ఆ శిబిరాలు వెతికింది ముఖ్యంగా అద్దాలతో, శుక్లం ఆపరేషన్‌తో తీరే లోపాలను. షుగర్, బీపీ దెబ్బ తీసేది కంటి వెనుక గోడను, అంటే రెటీనాను. చార్టులో చివరి వరుస దాకా గడగడా చదివిన మనిషి రెటీనాలోనూ రక్తం చిమ్మిన మచ్చలు ఉండవచ్చు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు మసకబారేసరికి జబ్బు చాలా దూరం పోయి ఉంటుంది.

మన కంటి కార్యక్రమాలు ఇలా తయారవడానికి కారణం ఉంది. 1996-2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా కండ్లు పరీక్షించిన సర్వేలో ఆదిలాబాద్ పల్లెలూ ఉన్నాయి. చూపు పోవడానికి పెద్ద కారణాలుగా అప్పుడు తేలినవి శుక్లం, సరైన అద్దాలు లేకపోవడం. అప్పటి లెక్కకు అప్పటి జవాబు సరిపోయింది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, 31 కోట్ల మందికి పైగా బీపీ ఉందని చెప్పింది. ఇది వేరే లెక్క.

షుగర్ ఎక్కువగా ఉంటే రెటీనాలోని సన్నటి రక్తనాళాల గోడలు బలహీనపడి ఉబ్బుతాయి, కారతాయి. చూపుకు కీలకమైన నడిమి భాగంలో నీరు చేరితే ఎదుటి మనిషి ముఖం కూడా ఆనదు. నాళాలు మూసుకుపోతే కన్ను కొత్త నాళాలను పుట్టిస్తుంది. అవి పెళుసువి, పగిలి కంటి నిండా రక్తం నింపుతాయి. షుగర్ బాగా పెరిగి తగ్గుతున్నప్పుడు కంటి కటకంలో నీటి శాతం మారి అద్దాల నంబరు కూడా మారిపోతుంది. అదుపులో లేని రోజున రాసిన అద్దాలు నెల తర్వాత పనికిరాకపోతే తప్పు అద్దాలది కాదు.

బీపీ సంగతి మనవాళ్లు కంటితో ముడిపెట్టరు. బ్రిటన్‌లో షుగర్, బీపీ రెండూ ఉన్న 1,148 మందిపై జరిగి 1998లో వెలువడిన అధ్యయనంలో, బీపీని గట్టిగా అదుపు చేసిన గుంపులో, అంత గట్టిగా చేయని గుంపుతో పోలిస్తే, రెటీనా జబ్బు ముదరడం 34 శాతం, చూపు బాగా తగ్గడం 47 శాతం తక్కువ. అసలు పాఠం పదేళ్ల తర్వాత, అదే అధ్యయనం కొనసాగింపులో వచ్చింది. షుగర్ అదుపు మేలు ఏళ్ల తరబడి నిలిచింది. బీపీ మేలు మాత్రం రెండు గుంపుల బీపీల మధ్య తేడా పోగానే నిలవలేదు. తల తిరగడం తగ్గిందని బీపీ గోలీలు ఆపేసేవాళ్లు మనలో ఎందరో!

ఆసిఫాబాద్ ఆదివాసీ గూడేల్లో ఇంకో చిక్కు ఉంది. ఇక్కడి గిరిజనుల్లో సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉంది. అది ఉన్నవాళ్లలో మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, చేసే పద్ధతిని బట్టి తప్పు అంకె చూపవచ్చు. సికిల్ సెల్ సొంతంగానూ రెటీనాను దెబ్బతీస్తుంది. కాబట్టి రక్తం అంకెను నమ్మి కంటిని వదిలేయడం ఇక్కడ మరీ ప్రమాదం.

దారి తెలియనిదేమీ కాదు. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పల్లెల కోసం తన మొదటి కేంద్రాన్ని పెట్టింది ఉమ్మడి ఆదిలాబాద్‌లోని ముధోల్‌లోనే. శిక్షణ పొందిన టెక్నీషియన్ రెటీనా ఫోటో తీస్తే డాక్టరు దూరం నుంచి చదవవచ్చు. ఆశా కార్యకర్తల బీపీ, షుగర్ రిజిస్టర్‌లో ఏడాదికోసారి ‘కన్ను చూశారా’ అన్న గడి చేరిస్తే, ఎవరిని పిలవాలో వెతుక్కోనక్కర్లేదు. 2023లో ఆసిఫాబాద్‌కు సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది. ఆ ఫోటోలు చదివే బాధ్యత దానికి అప్పగించవచ్చు.

కష్టమంతా ఫోటో తర్వాతే. రెటీనాలో నీరు చేరినవాళ్లకు కంటిలోకి ఇచ్చే సూది మందు ఒక్కసారితో అయిపోయేది కాదు, మొదట్లో నెలనెలా కావాలి. కెరమెరి, తిర్యాణి నుంచి హైదరాబాద్ పోయి రావాలంటే బస్సు చార్జీలతో పాటు తోడు వచ్చే మనిషి కూలీ కూడా పోతుంది. ఆ ఖర్చుకు బడ్జెట్‌లో పద్దు రాయకుండా కెమెరాలు కొంటే, ఊరికి చేరేవి ఫోటోలే.