పెనాల్టీ తప్పినోడు యాడికి పోతాడు?

ఆదివారం పొద్దున ఆరింటికి మా గుంతకల్లు గ్రౌండ్‌కి పదిహేను మంది పిల్లలు రావాలి. మూడు వారాలుగా పద్నాలుగు మందే వస్తున్నారు. రానిది మా తొమ్మిదో నంబర్. పదహారేళ్ళు. ఎండకి నల్లబడిన మొహం, ఒక సైజు పెద్ద బూట్లు, గోల్ ఎటుందో చూడకుండానే తెలిసే కాళ్ళు.

మొన్న కాలనీల టోర్నమెంట్ ఫైనల్లో పెనాల్టీ తప్పాడు. బంతి పోస్టు మీదుగా పోయి కంపచెట్లలో పడింది. మేం ఓడిపోయాం. వాడు బంతి ఏరుకురావడానికి పోయినట్టే పోయి, అటునుంచి అటే ఇంటికి వెళ్ళిపోయాడు. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టా. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఇంకో పిల్లాడితో కబురంపితే, "వాడు ఆట మానేసినాడంట న్నా, రైల్వే పరీక్షకి చదువుకుంటాడంట" అన్నాడు.

పదహారేళ్ళకే రైల్వే పరీక్ష! మా ఊర్లో ఇది మామూలే. మనసు బాగలేకపోతే వేరే ఊళ్ళలో కవిత్వం రాస్తారు, మా ఊళ్ళో జనరల్ నాలెడ్జ్ పుస్తకం కొంటారు.

వాడు నా ఫోన్ ఎత్తడు. కానీ ఈ కాలమ్ చదువుతాడని నాకు తెలుసు. కాబట్టి ఈ వారం వాడి కోసం. మీరూ కూర్చోండి, ఫుట్‌బాల్ తెలియకపోయినా పర్లేదు.

ముందు ఒక స్పెయిన్ కుర్రాడి గురించి చెప్పాలి. స్పెయిన్ అనగానే మెస్సీ ఆడిన బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ గుర్తొస్తాయి మీకు. మా అనంతపురం జిల్లాలో మాత్రం స్పెయిన్ అంటే ముందు గుర్తొచ్చేది ఫాదర్ ఫెర్రర్. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ కరువు నేలకొచ్చి ఆర్డీటీ పెట్టాడు. 2009లో ఇక్కడే కన్ను మూశాడు. అనంతపురంలో ఆర్డీటీ కట్టిన స్పోర్ట్స్ విలేజ్‌లో స్పెయిన్ లీగ్ లా లిగా సహకారంతో పిల్లలకి ఫుట్‌బాల్ కూడా నేర్పించారు. కాబట్టి స్పెయిన్ మాకు కొత్త కాదు. చుట్టరికమే.

నేను చెప్పబోయే కుర్రాడి పేరు హావియర్ సివెరియో. ఫార్వర్డ్. అంటే గోల్ కొట్టడమే ఉద్యోగమైనవాడు. 2021లో హైదరాబాద్ ఎఫ్‌సీలో చేరేనాటికి 23 ఏళ్ళు. అంతకుముందు ఆడింది లాస్ పాల్మాస్ అట్లెటికోకి. ఇది కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ క్లబ్బుకి బి టీమ్.

బి టీమ్ అంటే ఏంటో రైల్వే భాషలో చెప్తా. పెద్ద టీమ్‌లో ఆడేవాడు కన్ఫర్మ్ టికెట్. బి టీమ్‌లో ఉన్నవాడు వెయిటింగ్ లిస్ట్. బండి కనబడుతుంది, లోపల బెర్తులూ కనబడతాయి, చార్టులో మాత్రం మన పేరుండదు. పైగా స్పెయిన్‌లో 23 దాటాక, బి టీమ్ రిజిస్ట్రేషన్ మీద పెద్ద టీమ్‌లో ఆడే వీలు పోతుంది. కింది నుంచి కొత్త పిల్లలు తోసుకొస్తుంటారు. అప్పుడు కుర్రాడి ముందు రెండే దారులు. చిన్న డివిజన్లలో తిరుగుతూ అక్కడే ఉండిపోవడం, లేదా ఎవరూ వెళ్ళని బండి ఎక్కేయడం. సివెరియో బండెక్కాడు. హైదరాబాద్ జట్టు కోచ్ మనోలో మార్కెజ్ కూడా స్పెయిన్‌వాడే.

ఇక్కడో తమాషా. కరోనా వల్ల 2021-22 ఐఎస్ఎల్ సీజన్ మొత్తం గోవాలోనే పెట్టారు. హైదరాబాద్ పేరున్న జెర్సీ వేసుకున్నాడు గానీ, ఆ ఏడాది లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా హైదరాబాద్‌లో ఆడలేదు. పైగా మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులే ఉండాలని రూలు. ముందు వరుసలో నైజీరియావాడు బార్త్ ఓగ్బెచే ఉన్నాడు. ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ పట్టుకుపోయాడు. మనవాడి గోల్స్ అందులో సగం కూడా లేవు. కానీ డిఫెండర్ల వెంట పరిగెత్తడం, గాలిలో వచ్చే బంతికి తల అడ్డం పెట్టడం, ఓగ్బెచే కోసం చోటు ఖాళీ చేయించడం, ఇవన్నీ చేసేవాడు. స్కోరు కార్డులో ఇవి రావు.

మార్చి 12న సెమీఫైనల్ మొదటి మ్యాచ్. ఏటీకే మోహన్ బగాన్ మీద హైదరాబాద్ 3-1తో గెలిచింది. ఓగ్బెచే ఒకటి, యాసిర్ ఒకటి, మూడోది సివెరియోది. రెండో మ్యాచ్‌లో 0-1తో ఓడింది. మొత్తం కలిపితే 3-2. లెక్క వేసుకోండి. ఆ మూడో గోల్ లేకుంటే రెండు జట్లూ సమానం. ఫైనల్ టికెట్ ఆ గోల్‌తోనే కన్ఫర్మ్ అయింది.

ఫైనల్ 2022 మార్చి 20, ఆదివారం. గోవాలో, ఫతోర్దా స్టేడియంలో, కేరళ బ్లాస్టర్స్‌తో. ప్రేక్షకుల్ని లోపలికి రానిస్తామన్నారు. నాకప్పుడు 24. స్పోర్ట్స్ కోటా ట్రయల్స్‌లో అప్పటికే ఒకసారి పోయింది. గోలీ ఒక్కడే ఎదురుగా ఉంటే బంతి వాడి చేతుల్లో పెట్టొచ్చా. రాత పరీక్షలో కటాఫ్ అందలేదు. ఇంట్లో ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. అనకపోవడమే పెద్ద బాధ. నాయన రైలింజన్ నడిపే మనిషి. కొడుక్కి 21 దాటితే, చదువులో ఉంటే తప్ప, రైల్వే పాస్ రాదు. "ఇంగ నీ బండి నువ్వే నడుపుకోవల్లబ్బీ" అని నవ్వుతూ అన్నాడొకసారి. ఆ మాట నాకు నవ్వులా వినపడలేదు.

హౌరా నుంచి వాస్కో డ గామా పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ మా గుంతకల్లు మీదుగానే పోతుంది. మేం ముగ్గురం ముందురోజుకే చేరుకునేట్టు జనరల్ టికెట్ కొనుక్కుని ఎక్కేశాం. అమ్మ ఉగ్గాని పొట్లం కట్టిచ్చింది, బజ్జీలు స్టేషన్ బయట కొన్నాం. బళ్ళారి, హొస్పేట, హుబ్బళ్ళి, లోండా. ఎర్రమట్టి పోయి అడవి వచ్చింది. ఎండకి సన్నబడి ఉన్నా దూద్‌సాగర్ జలపాతం చూసి మావాడొకడు, "ఇన్ని నీళ్ళు ఊరికే పారబోస్తాండారు కద మామా" అన్నాడు. అనంతపురమోడి బాధ అది. మడ్గావ్‌లో దిగితే ఫతోర్దా ఎంతో దూరం లేదు.

స్టేడియం అంతా పసుపు. అయ్యో, అన్నీ హైదరాబాద్ రంగులే అని సంబరపడకండి. కేరళ అభిమానుల రంగు కూడా పసుపే, వాళ్ళే నిండిపోయారు. కానీ రూలు ప్రకారం ఆ రోజు పసుపు జెర్సీ హైదరాబాద్‌కి వచ్చింది, కేరళ జట్టు నలుపు నీలం చారల్లో దిగింది. తమ రంగు ప్రత్యర్థి ఒంటి మీద చూస్తూ వేలమంది అరుస్తుంటే, మధ్యలో మేం ముగ్గురం గొంతు చించుకుంటున్నాం.

68వ నిమిషంలో కేరళ రాహుల్ గోల్ కొట్టాడు. మా గొంతులు మూతబడ్డాయి. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి ఒకటి తన్నాడు. 1-1. అదనపు సమయంలోనూ తేలలేదు. పెనాల్టీలు.

కేరళ మొదటి పెనాల్టీని మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఆపాడు. హైదరాబాద్ కెప్టెన్ జువావ్ విక్టర్ కొట్టాడు. కేరళ రెండోది ఆపాడు, కీపర్ ముందే కదిలాడని రిఫరీ మళ్ళీ కొట్టమంటే మళ్ళీ ఆపాడు! ఇప్పుడు సివెరియో వచ్చాడు. ఇది కొడితే కప్పు సగం చేతిలోకి వచ్చినట్టే.

తప్పాడు.

స్టేడియం పేలిపోయింది. నేను మాత్రం ఆ పెనాల్టీ స్పాట్ వైపు చూస్తున్నా. పెనాల్టీ తప్పినవాడు అక్కడినుంచి మధ్యగీత దాకా నడిచి రావాలి. టీవీలో ఆ నడక రెండు సెకన్లే చూపిస్తారు. నిజంగా చూస్తే అది చాలా పొడుగు. ట్రయల్స్‌లో నేను నడిచిన నడక అదే. అక్కడ నాకోసం ఎవరూ ఆగలేదు. ఇక్కడ మధ్యగీత దగ్గర అతని జట్టు వరుసగా నిలబడి ఉంది. అతను వెళ్ళి ఆ వరుసలో కలిసిపోయాడు. అంతే.

తర్వాత కేరళ ఒకటి కొట్టింది, కమారా ఒకటి కొట్టాడు, కట్టిమణి మూడోది కూడా ఆపాడు, నార్జరీ చివరిది కొట్టాడు. 3-1. హైదరాబాద్ మొట్టమొదటిసారి ఛాంపియన్. పెనాల్టీ తప్పినవాడి మెడలో కూడా అదే పతకం పడింది.

ఇక్కడ కథ ఆపేసి "చూశావా తమ్ముడూ, ఎప్పటికీ నిరాశ పడకు" అనొచ్చు. రీల్స్‌లో వెనక మ్యూజిక్ పెట్టి అలాగే ఆపేస్తారు. కానీ అది సగం కథ. సగం కథ చెప్పడం మోసం.

మరుసటి సీజన్. 2023 మార్చి 13. మళ్ళీ సెమీఫైనల్, మళ్ళీ అదే ఏటీకే మోహన్ బగాన్, ఈసారి కోల్‌కతాలో. రెండు మ్యాచ్‌లూ గోల్స్ లేకుండా ముగిశాయి. మళ్ళీ పెనాల్టీలు. సివెరియో కొట్టిన బంతిని కీపర్ విశాల్ కైత్ ఆపేశాడు. గోల్డెన్ బూట్ ఓగ్బెచే కొట్టింది పోస్టుకి తగిలింది. ఈసారి కాపాడే కట్టిమణి మ్యాజిక్ జరగలేదు. హైదరాబాద్ ఇంటికొచ్చింది.

అంటే మొదటిసారి తప్పితే అదృష్టం కాపాడింది, రెండోసారి కాపాడలేదు. అతని ఒక్కడి తప్పు కాదు, ఓగ్బెచే అంతటోడూ తప్పాడు. కానీ ఈ మాట ఆ రాత్రి ఎవరికి ఊరట?

ఆ వేసవిలో సివెరియో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు. 2024లో జంషెడ్‌పూర్. విదేశీ ఫార్వర్డ్ బతుకు మా రన్నింగ్ స్టాఫ్ బతుకులాంటిది, ఎక్కడ డ్యూటీ పడితే అక్కడ పడక. హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి ఇంకా దారుణం. డబ్బు కష్టాల్లో పడింది, విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, 2023-24లో పట్టిక అట్టడుక్కి చేరింది, 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. నేను మడ్గావ్ దాకా వేసుకుపోయిన పసుపు జెర్సీకి ఇప్పుడు ఊరు లేదు. కప్పు గెలిచిన క్లబ్బు లేదు, పెనాల్టీ తప్పినోడు ఉన్నాడు. ఆలోచించండి.

2025లో సివెరియో ఎఫ్‌సీ గోవాలో చేరాడు. అక్కడ కోచ్ ఎవరు? తన పాత మనోలో మార్కెజే. ఆగస్టు 13న ఆసియా స్థాయి పోటీ, ఏఎఫ్‌సీ ఛాంపియన్స్ లీగ్ టూలోకి వెళ్ళాలంటే గెలిచి తీరాల్సిన మ్యాచ్, ఒమన్ జట్టు అల్ సీబ్‌తో. గోవా 2-1తో గెలిచింది. రెండో గోల్ సివెరియోది. స్టేడియం? ఫతోర్దా. మూడేళ్ళ కిందట అతను తల దించుకుని నడిచిన అదే గడ్డి. ఆ గెలుపుతో వచ్చిన గ్రూపులోనే రొనాల్డో క్లబ్ అల్ నాసర్ ఉంది.

నేను దాన్ని ఫోన్‌లో చూశా, మా ఇంటి మిద్దె మీద, డేటా అయిపోతుందేమోనని భయపడుతూ. నాయన పక్కనే పడుకుని ఉన్నాడు. "ఎవుర్రా వాడు, అంతగా అరుస్తాండావు?" అన్నాడు. "మావాడే నాయనా" అన్నా.

ఈ సివెరియో పెద్ద స్టార్ కాదు. స్పెయిన్ జాతీయ జట్టు జెర్సీ వేసుకోలేదు. మన పోస్టర్ల మీద ఉండడు. ప్రపంచంలో ఎక్కువమంది ఆటగాళ్ళు ఇలాంటివాళ్ళే. ఆడతారు, తప్పుతారు, ఊరు మారతారు, మళ్ళీ ఆడతారు. కెరీర్ అంటే అదే.

మన దగ్గరా ఉన్నారు. సికింద్రాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బలమైన హంగేరీ మీద గోల్ కొట్టిన ఫార్వర్డ్, 1962 ఆసియా క్రీడల బంగారు పతకం జట్టులో ఒకడు. ఈస్ట్ బెంగాల్ తర్వాత బీఎన్ఆర్, అంటే రైల్వే జట్టుకే ఆడాడు. జబ్బు చేసి 27 ఏళ్ళకే ఆట ఆగిపోయింది. ఆయనకి ఆడాలని ఉంది, ఒళ్ళు ఒప్పుకోలేదు. నిజామాబాద్ తండా అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్ దాకా వెళ్ళింది, తిరిగొచ్చి 2024-25కి దేశంలోనే ఉత్తమ క్రీడాకారిణి అయింది. ఆమె కూడా ఫార్వర్డే.

ఇప్పుడు తొమ్మిదో నంబర్, నీకు.

చదువుకో. నిజంగానే చెప్తున్నా. పరీక్ష రాయి, పాసవ్వు. నేను ఆటే నమ్ముకోమని అనను, మన ఊళ్ళో ఆ మాట అనేవాడు అబద్ధమాడుతున్నట్టే. నేనూ ఆటగాణ్ణి కాలేదు, రాసుకుని బతుకుతున్నా. కానీ పరీక్ష కోసం ఆట మానడం వేరు, కంపచెట్లలో పడ్డ బంతికి భయపడి పుస్తకం వెనక దాక్కోవడం వేరు. ఏది నీదో నీకే తెలుసు.

ఇంకోటి. ఆ రోజు నువ్వు అటునుంచి అటే వెళ్ళిపోయావు కదా, మధ్యగీత దగ్గర పద్నాలుగు మంది నిలబడే ఉన్నారు. నీ చోటు ఖాళీగా పెట్టుకుని. తిట్టడానికి కాదురా. నువ్వు వెళ్ళిపోయాక పిల్లలే కంపచెట్లలో దూరి, చేతులు గీసుకుని బంతి తెచ్చారు. అది నా దగ్గరే ఉంది. గాలి కూడా కొట్టించా.

ఆదివారం, ఆరింటికి. మొదటి పెనాల్టీ నీదే. తప్పితే మళ్ళీ కంపచెట్లలోకి పోదాం, ఈసారి పదిహేను మందిమీ.