గోడ దాటని మాట



ఒక కోత పండుగ నాడు మేము ఒక పల్లె సంఘమునకు వెళ్ళాము. ఆరాధన ముగిసింది. మందిరపు ఆవరణలో వేపచెట్టు క్రింద వేలంపాట సాగుతున్నది. విశ్వాసులు కానుకగా తెచ్చిన గుమ్మడికాయలు, ధాన్యపు బస్తాలు, అరటి గెలలు, కోళ్ళు ఒక్కొక్కటిగా పాటకు వస్తున్నాయి. చిన్న కోడిపిల్లకు పెద్ద పాట పాడినవారిని చూచి పిల్లలు కేరింతలు కొడుతున్నారు. ప్రహరీ గోడకు అవతల ఒక పెద్దాయన చేతికర్ర మీద ఆనుకొని ఇదంతా చూస్తున్నాడు. ఆయన మన సంఘస్థుడు కాడు. “లోపలికి రండి పెద్దాయనా” అని పిలిచాము. ఆయన రాలేదు. అక్కడే నిలబడి ఇలా అన్నాడు:

“అయ్యా, ముప్పై ఏళ్ళుగా మా ఇల్లు ఈ గోడ పక్కనే. మీ గంట వింటాను, మీ పాటలు వింటాను. మీ కమిటీలో ఎవరికీ ఎవరికీ పడదో నాకు తెలుసు. మీ స్థలం కేసు ఎందాకా వచ్చిందో తెలుసు. కాని మీరు లోపల కూర్చుని ఏం చెప్పుకుంటారో, దానివల్ల మీకు కలిగిన మేలేమిటో ఇన్నేళ్ళలో ఒక్కరూ నాకు చెప్పలేదు.”

మాతో ఉన్న సంఘ పెద్ద తల వంచుకున్నారు. మేమూ తల వంచుకున్నాము. మన తగవులు గోడ దాటి టీ కొట్టు వరకు వెళ్ళాయి. మనము పొందిన మేలును గూర్చిన మాట మాత్రము గోడ దాటలేదు.

పట్టణపు గుమ్మము దగ్గర నలుగురు

2 రాజులు 7వ అధ్యాయములో నలుగురు కుష్ఠరోగుల కథ ఉన్నది. షోమ్రోను పట్టణమును శత్రువులు ముట్టడించారు. లోపల ఘోరమైన కరవు. గుమ్మము దగ్గర పడియున్న ఈ నలుగురు ఎటూ చావు తప్పదని తెగించి శత్రువుల దండులోనికి వెళ్ళారు. అక్కడ ఎవరూ లేరు. గుడారముల నిండా ఆహారము, బంగారము, బట్టలు! తిన్నారు, త్రాగారు, దొరికినవి తీసికొనిపోయి దాచుకున్నారు. అప్పుడు వారి మనస్సాక్షి వారిని పొడిచింది. ఊరంతా ఆకలితో ఉండగా ఈ శుభవార్తను మనలోనే ఉంచుకొనుట మంచిది కాదని ఒకరితో ఒకరు చెప్పుకొని, వెళ్ళి పట్టణమునకు కబురు చెప్పారు.

ఆ నలుగురిని ఊరు వెలివేసింది. అయినను ఊరికి మేలు తెచ్చింది వారే. మన పల్లె సంఘములలో చాలామందికి ఈ కథ తమ తాతల కథలా ఉంటుంది.

మన పెద్దలు ఏమి చేశారు?

ఒంగోలు ప్రాంతపు చరిత్రను ఒకసారి జ్ఞాపకము చేసుకుందాము. 1867 జనవరి 1న అక్కడ సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు 8 మంది మాత్రమే. అంతకు ముందు 1866లోనే తాళ్ళకొండపాడునకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య గారు బాప్తిస్మము పొందారు. ఆయన తోళ్ళ వ్యాపారి, మాదిగ కులస్థుడు, అంతకు ముందు యోగ మార్గమును అనుసరించిన వ్యక్తి. వ్యాపారపు పనిమీద తిరిగినప్పుడు సువార్త విన్నారు. విన్నదానిని తన దగ్గర దాచుకోలేదు. తన ఇంటివారికి, బంధువులకు, చుట్టుపక్కల పల్లెలవారికి చెప్పారు. ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లౌ దొరగారిని తమ ఊరికి రమ్మని పిలిచారు.

1867 జనవరిలో క్లౌ గారు దాదాపు 40 మైళ్ళ దూరములోనున్న తాళ్ళకొండపాడునకు వెళ్ళేసరికి జనులు అప్పటికే ఎదురుచూస్తున్నారు. చుట్టుపక్కల పల్లెల నుండి మూటలు కట్టుకొని వచ్చి, అక్కడే మకాము చేసి వాక్యము నేర్చుకున్నారు. 28 మంది బాప్తిస్మము పొందారు. ఆ పొలములో విత్తనము చల్లినది దొరగారు కాదు. తన వారి మధ్య తన భాషలో మాట్లాడిన తోళ్ళ వ్యాపారి. పదకొండు సంవత్సరముల తరువాత, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు.

దోర్నకల్ సంగతి కూడా చెప్పుకోవాలి. వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1909లో తిరునెల్వేలి సీమనుండి దోర్నకల్‌కు మిషనరీగా వచ్చారు. 1912లో బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో ఆ స్థానము పొందిన మొదటి భారతీయుడు ఆయనే. సువార్త చెప్పుట పాదిరిగారి ఉద్యోగము కాదు, బాప్తిస్మము పొందిన ప్రతివాని బాధ్యత అని ఆయన ఎడతెగక బోధించారు. ఆ అధ్యక్ష మండలములో యేటేట ‘సాక్ష్యపు వారము’ జరిగేది. కూలినాలి చేసుకొనే సామాన్య విశ్వాసులు, స్త్రీలు, పురుషులు, గుంపులుగా పొరుగు పల్లెలకు నడిచి వెళ్ళి, పాటలు పాడి, క్రీస్తు తమకు చేసిన మేలును తమకు తెలిసిన మాటలలో చెప్పేవారు. చాలామందికి చదువు లేదు. చెప్పుటకు సాక్ష్యము మాత్రము ఉన్నది.

ఆ రోజులలో ఇతర కులములవారు కూడా ఆ సంఘములవైపు చూడసాగారు. ఎందుకు? మాల మాదిగ పేటలలో వచ్చిన మార్పును వారు కళ్ళారా చూచారు. త్రాగుడు మానినవారిని, బడికి పోయే పిల్లలను, శుభ్రమైన ఇళ్ళను చూచారు. చూచినదానికి కారణమేమిటో ఆ పేటవారే నోరు తెరచి చెప్పారు. క్రియ, మాట రెండూ కలిసి నడిచాయి.

మనము ఎందుకు చెప్పలేకపోతున్నాము?

కొందరు “మాది చిన్న సంఘమండీ, ఇరవై గడపలు. చెప్పుకోవడానికి ఏముంది?” అంటారు. కొందరు “అది అయ్యగారి పని” అంటారు. కొందరికి భయము. ఎవరైనా అపార్థము చేసుకుంటారేమో, మతము మార్చడానికి వచ్చారంటారేమో అని వెనుకంజ వేస్తారు. మరి కొందరు లోలోపల సిగ్గుపడతారు. సంఘములో ఉన్న తగవులు తెలిసి ఏ ముఖముతో పిలవాలి అంటారు.

ఈ చివరి మాట నిజమే. తగవును దాచిపెట్టి మేలును మాత్రమే చూపమని మేము చెప్పడము లేదు. అది వేషధారణ. మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు చూపిన మార్గమున మొదట ఇద్దరూ ఒంటరిగా కూర్చుని మాట్లాడుకోవాలి. టీ కొట్టులో తీర్పు చెప్పించుకొనేవాడు తన తల్లిని బజారులో నిలబెట్టినవాడే. అన్యాయము జరిగితే సరిదిద్దుదాము. కాని ఒక్క తగవును చూచి నూరు మేళ్ళను మరచిపోకూడదు.

భయమును గూర్చి కూడా ఒక మాట. మన విశ్వాసమును గూర్చి అడిగేవారికి సాత్వికముతో, గౌరవముతో జవాబు చెప్పాలని పేతురు తన మొదటి పత్రిక 3వ అధ్యాయములో నేర్పించాడు. పొరుగువాని దేవుళ్ళను దూషించుట సాక్ష్యము కాదు. ఆశ చూపించి, బలవంతపెట్టి తెచ్చుట అసలే కాదు. ఫిలిప్పు నతనయేలుతో వాదనకు దిగలేదు; స్వయముగా వచ్చి చూడమన్నాడు, అంతే. వచ్చేది, రానిది అవతలివాని ఇష్టము. పిలువవలసిన బాధ్యత మనది.

మేలు ఎంత అని లెక్కించామా?

సంఘము వలన మన కుటుంబమునకు కలిగిన మేలు ఏమిటో మనమే ఎన్నడూ కూర్చుని లెక్కించలేదు. మీ ఇంటిలో మొదట అక్షరములు నేర్చుకున్నది ఎవరు? ఎక్కడ? అనేక ఇళ్ళలో అది మిషను బడి, లేదా మందిరపు వరండాలో దీపము దగ్గర జరిగిన రాత్రి బడి. అమ్మమ్మ బైబిలు చదువుకోవాలన్న ఆశతోనే అక్షరములు దిద్దిందని చెప్పే కుటుంబములు ఎన్నో.

మీ ఇంటివారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు రక్తమిచ్చిందెవరు? మీ నాట్లు ఆగిపోకుండా వచ్చి నాటినదెవరు? మరణము జరిగిన రాత్రి తెల్లవారేదాక పాటలు పాడుతూ మీతో కూర్చున్నదెవరు? పట్నములో పనికోసము వెళ్ళిన కుమారునికి అక్కడి సంఘములో ఒక అన్నను, ఒక అమ్మను చూపినదెవరు? భూమి ఉన్నవాడు, కూలివాడు ఒకే రొట్టెలో పాలుపొందే బల్ల ఊరిలో మరెక్కడ ఉన్నది? (ఆ బల్ల దగ్గర కూడా కులము చూచే సంఘముంటే, మొదట అక్కడ పశ్చాత్తాపపడాలి.)

ఇవన్నీ మనకు అలవాటైపోయాయి. నూతి ప్రక్కన ఇల్లున్నవానికి నీటి విలువ తెలియదు. గోడ అవతల ఒంటరిగా ఉన్నవానిని అడగండి, చెబుతాడు.

ఈ నెలలో ఇంట్లో చేయవలసినది

ఒక సాయంత్రము కుటుంబ ప్రార్థనకు ముందు టీవీ ఆపి, ఫోనులు ప్రక్కన పెట్టి, ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చోండి. సంఘము వలన నాకు కలిగిన ఒక మేలు ఏమిటో ప్రతి ఒక్కరూ చెప్పాలి. పిల్లలను మొదట చెప్పనివ్వండి. సండే స్కూలులో దొరికిన స్నేహితుని గూర్చి చెప్పినా సరే. పెద్దవారు ఆఖరున చెప్పండి. అప్పుడు పిల్లలకు తమ ఇంటి చరిత్ర తెలుస్తుంది. చరిత్ర తెలిసిన పిల్లవాడు ఎంత దూరము వెళ్ళినా సంఘమును అంత తేలికగా విడువడు.

తరువాత ఒక పొరుగు ఇంటి పేరు ఎన్నుకొని వారికొరకు ప్రార్థించండి. సందర్భము వచ్చినప్పుడు మీ మేలును రెండు మాటలలో చెప్పండి. ప్రసంగము అక్కరలేదు. “మా ఇంట్లో పెద్దాయన పోయినప్పుడు సంఘమువారే మమ్మల్ని నిలబెట్టారు వదినా” అంటే చాలు. క్రిస్మస్‌కో, కోత పండుగకో, ఇంటి కృతజ్ఞత కూడికకో పేరుపెట్టి పిలవండి.

వారు వస్తే? ఎవరు ఎదురు వెళ్ళాలి, ఎవరు ప్రక్కన కూర్చోవాలి, పాటల పుస్తకములో సంఖ్య ఎవరు తీసి చూపాలి అని స్త్రీల సమాజమువారు ముందుగా అనుకోవాలి. మొదటిసారి వచ్చినవారిని చూచి గుసగుసలాడితే వారు రెండవసారి రారు.

ఆ పెద్దాయన మాట

ఆ కోత పండుగ నాడు మేము తిరిగి వచ్చేముందు ఆయన ఇంకొక సంగతి చెప్పాడు. ఆయన భార్య చనిపోయిన రాత్రి ఈ సంఘపు అయ్యగారు, ఇద్దరు తల్లులు వచ్చి, కాఫీ కాచి ఇచ్చి, తెల్లవారేవరకు కూర్చున్నారట. “ఎందుకు వచ్చారో అడగాలనుకున్నాను. ఆ రోజు నోరు రాలేదు. తరువాత వాళ్ళూ చెప్పలేదు” అన్నాడు.

అంటే మన ప్రేమ ఒకసారి గోడ దాటింది. దాని కారణము మాత్రము ఇవతలే ఉండిపోయింది. ఆ కారణము పేరు యేసు అని చెప్పుటకు ఒక్క నిమిషము పడుతుంది. ఆయన చాలా కాలము ఆ మాట కొరకు కనిపెట్టాడు.

ఆ మాటలు విన్న సంఘపు అవ్వ ఒకామె వేలంపాటలో తాను కొన్న అరటి గెలలోనుండి ఒక అత్తము కోసి, గోడ మీదుగా ఆయనకు అందించి, “వచ్చే ఆదివారం నా ప్రక్కన చాప వేస్తాను తమ్ముడూ, ఎందుకు వచ్చామో అప్పుడు చెబుతాను” అన్నది. వస్తానని గాని రానని గాని ఆయన అనలేదు. అరటిపండ్లు మాత్రము రెండు చేతులా అందుకున్నాడు.

మీ మందిరపు గోడ అవతల ఎవరున్నారు? ఈ వారములోనే చూడండి.

ప్రార్థన: ప్రభువా, నీ సంఘము ద్వారా మాకు చేసిన మేళ్ళను మరచినందుకు క్షమించుము. మా తగవులను సరిదిద్దుము. మా పొరుగువారికి ప్రేమతో, గౌరవముతో నీ నామమును చెప్పుటకు మా నోరు తెరువుము. ఆమేన్.